వాకింగ్ డెడ్: కామిక్ చదవాలా, సిరీస్ చూడాలా?

మా పెద్దమ్మ కొడుకు దసరా సెలవులకి ముందు ఫోన్ చేశాడు. "అన్నా, వాకింగ్ డెడ్ మొదలుపెడదామనుకుంటున్నా. చూడమంటావా, చదవమంటావా?"

"ఎన్ని రోజులు సెలవు?"

"పది."

వెంటనే లెక్కలోకి దిగాను. ఈ అమెరికన్ జాంబీ కథ టీవీ సిరీస్‌గా 11 సీజన్లు, 177 ఎపిసోడ్లు. యాడ్స్ తీసేసి ఒక్కోటి ముప్పావు గంట అనుకున్నా 130 గంటల పైమాటే. పది రోజుల్లో ముగించాలంటే రోజుకి 13 గంటలు టీవీ ముందు కూర్చోవాలి. మా పెద్దమ్మ రెండో రోజుకే రిమోట్ దాచేస్తుంది. కామిక్ అయితే 193 సంచికలు. ఒక్కో దాంట్లో ఇరవై, ఇరవై రెండు పేజీల కథ, చదవడానికి పది నిమిషాలు. అంతా కలిపి 32 నుంచి 35 గంటలు. "అయితే చదువు" అని ఫోన్ పెట్టేశాను.

పెట్టేశాక అనిపించింది, టైం ఒక్కటే చూసి చెప్పింది కూడా ఒక సలహాయేనా అని. నేను ముందు సిరీస్ చూసి, మధ్యలో విసుగొచ్చి ఆపేసి, కామిక్ పట్టుకుని, అది అయ్యాక మళ్లీ సిరీస్ దగ్గరికి వెళ్లినవాణ్ణి. ఒకటి అసలు, ఇంకోటి నకలు అనుకుంటూ మొదలుపెట్టాను. అలా అనుకున్నన్నాళ్లూ రెండూ సరిగ్గా ఎక్కలేదు. జరిగే సంఘటనలు రెండింట్లోనూ చాలావరకు అవే. జరిగేది మాత్రం వేరే వేరే మనుషులకి. ఒకరి తలరాత తీసుకెళ్లి ఇంకొకరికి రాసిపెట్టారు. ఏది మీకు పడుతుందో తేల్చుకోవాలంటే చూడాల్సింది అక్కడ.

స్పాయిలర్ల సంగతి ముందే చెప్పేస్తాను. షేన్, లోరి, సోఫియా, గ్లెన్, కార్ల్ ఏమయ్యారో మాట్లాడకుండా ఈ పోలిక కుదరదు, కాబట్టి అవన్నీ వస్తాయి. కామిక్ చివరి రెండు సంచికల్లో ఏం జరుగుతుందో మాత్రం రాయను. అది పాడుచేస్తే పాపం తగులుతుంది.

ఎక్కణ్ణుంచి వచ్చింది

కథ రాబర్ట్ కర్క్‌మన్‌ది. మొదటి ఆరు సంచికలకి టోనీ మూర్ బొమ్మలు వేశాడు, ఏడో సంచిక నుంచి చివరిదాకా చార్లీ ఆడ్లార్డ్. ఇమేజ్ కామిక్స్ వాళ్లు 2003 అక్టోబరులో మొదలుపెట్టి 2019 జూలైలో ఆపారు. అంతా నలుపు తెలుపు. జాంబీ కథలో కొత్తదనం ఏముందని ప్రచురణకర్తలు సందేహిస్తే, ఈ జాంబీల వెనక గ్రహాంతరవాసుల కుట్ర ఉందని, కథ చివరికి అక్కడికే పోతుందని కర్క్‌మన్ అబద్ధం చెప్పి ఒప్పించాడు. ఆ కుట్ర కథలో ఎక్కడా రాదు. చాలా ఏళ్ల తర్వాత 75వ సంచికలో ఆ అబద్ధం మీద తనే జోకు వేసుకుంటూ కొన్ని రంగుల పేజీలు పెట్టాడు.

సిరీస్ ఏఎంసీ ఛానల్‌లో 2010 అక్టోబరు 31న, అంటే సరిగ్గా హాలోవీన్ రాత్రి మొదలై 2022 నవంబరులో ముగిసింది. తయారుచేసినవాడు ఫ్రాంక్ డారబాంట్. రెండో సీజన్ పని నడుస్తుండగానే ఆయన్ని తీసేశారు. ఆ గొడవ ఏళ్ల తరబడి కోర్టులో నలిగి 2021లో 20 కోట్ల డాలర్లకి సెటిల్ అయింది. ఆయన తర్వాత గ్లెన్ మజారా, స్కాట్ గింపుల్, ఆంజెలా కాంగ్ వరసగా పగ్గాలు పట్టారు. పోలికలో ఇది చిన్న విషయం కాదు. కామిక్ పదహారేళ్లు ఒకే బుర్రలోంచి వచ్చింది. సిరీస్‌ని నలుగురు వండారు, చేతులు మారినప్పుడల్లా రుచీ మారింది.

ఒకే సైకిలు, రెండు కన్నీళ్లు

మొదటి సంచికనీ మొదటి ఎపిసోడ్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి. రిక్ గ్రైమ్స్ అనే పోలీసు కాల్పుల్లో గాయపడి, కోమాలోంచి ఖాళీ ఆసుపత్రిలో లేస్తాడు. కామిక్‌లో అతనిది కెంటకీలోని సింథియానా, కర్క్‌మన్, మూర్ పెరిగిన ఊరు. టీవీలో జార్జియా. రెండింట్లోనూ అతనికి ఒక సైకిలు దొరుకుతుంది, దాని దగ్గర గడ్డిలో సగం కుళ్లిపోయి ఇంకా కదులుతున్న ఒక శవం. కామిక్‌లో రిక్ దాన్ని చూసి ఏడుస్తాడు, సైకిలెక్కి వెళ్లిపోతాడు. సంచిక చివర కారు, తుపాకి దొరికాక పనిగట్టుకుని వెనక్కొచ్చి, దాన్ని కాల్చి, వెళ్లిపోతాడు. దాదాపు మాటల్లేని పేజీ. అంత బాధలోనూ ఒక శవానికి మర్యాద చేయడానికి వెనక్కొచ్చిన మనిషి ఇతను, అని మనకి అక్కడ అర్థమవుతుంది.

టీవీలో ఇదే సీను ఉంది. దానికి ఇంకో సీను జడలా అల్లారు. రిక్‌కి ఆశ్రయమిచ్చిన మోర్గన్ తన ఇంటి మేడమీద కిటికీ దగ్గర రైఫిల్ పట్టుకుని కూర్చుంటాడు. చచ్చిపోయి వాకర్‌గా, అంటే జాంబీగా, మారిన అతని భార్య రోజూ ఇంటి చుట్టూ తిరుగుతూ ఉంటుంది. స్కోపులో ఆమె మొహం కనిపిస్తుంది. ట్రిగ్గర్ నొక్కలేకపోతాడు. అక్కడ రిక్ పార్కులో మోకాళ్ల మీద కూర్చుని, ముక్కూ మొహం తెలియని ఆడమనిషికి క్షమాపణ చెప్పి కాలుస్తాడు. ఇక్కడ మోర్గన్ సొంత భార్యని కాల్చలేక ఏడుస్తాడు. ఆ మొదటి ఎపిసోడ్ కామిక్ కంటే మెరుగు అని నేను ఏ కామిక్ అభిమానితోనైనా వాదిస్తాను.

అయితే వెంటనే కామిక్ వైపు కూడా ఒకటి చెప్పాలి. రెండో భాగంలో రిక్ బృందం చలికాలంలో ఊళ్లు పట్టుకుని తిరుగుతూ విల్ట్‌షైర్ ఎస్టేట్స్ అనే కాలనీకి చేరుతుంది. చుట్టూ గోడ, గేటు, లోపల వరసగా మంచి ఇళ్లు. ఇక కష్టాలు గట్టెక్కాయని సంబరపడి లోపల పడుకుంటారు. రాత్రికి మంచు కరుగుతుంది. గేటు మీద మంచు కప్పేసిన అక్షరాలు మెల్లగా బయటపడతాయి: అందరూ చచ్చిపోయారు, లోపలికి రావద్దు. బొమ్మ, మంచు, నాలుగు మాటలు. అంతే. టీవీలో ఇది లేదు. షూటింగ్ అంతా జార్జియాలో జరిగేది, కథలో వర్జీనియా వెళ్లినా చెట్లు మాత్రం జార్జియా చెట్లే. తెర మీద మంచు చూడటానికి తొమ్మిదో సీజన్ చివరి ఎపిసోడ్ దాకా ఆగాల్సి వచ్చింది.

అట్లాంటాలో బంధువులున్న మనవాళ్లు చాలామందే ఉంటారు కదా. ఈసారి వెళితే సెనోయా అనే చిన్న ఊరు చూపించమనండి, దక్షిణంగా గంట ప్రయాణం. గవర్నర్ అనే విలన్ పాలించిన వుడ్‌బరీ వీధి అదే. రిక్ బృందం తర్వాత చేరే అలెగ్జాండ్రియా ఇళ్లు కూడా అక్కడివే.

ఎవరి రాత ఎవరికి పడింది

షేన్‌తో మొదలుపెడదాం. రిక్ ప్రాణస్నేహితుడు, రిక్ చచ్చిపోయాడనుకుని అతని భార్య లోరికి దగ్గరైనవాడు. కామిక్‌లో ఆరో సంచికకే పోతాడు, కాల్చింది రిక్ కొడుకు, చిన్న పిల్లాడు కార్ల్. టీవీలో 18 ఎపిసోడ్లు బతుకుతాడు. జాన్ బెర్న్‌థల్ ఆ పాత్రని ఎక్కడికో తీసుకెళ్లాడు. షేన్ చెప్పేవి తప్పు అనుకుంటూనే, ఈ కొత్త ప్రపంచంలో బతకడం తెలిసింది వీడికే కదా అని మనకే అనుమానం వచ్చేంత దూరం. ఇక్కడ సిరీస్‌కి వంద మార్కులు.

కరోల్ సంగతి ఇంకా విచిత్రం. కామిక్‌లో ఆమె వయసులో చిన్నది, మనసు నిలకడలేనిది. బృందం తలదాచుకున్న జైల్లో ఉండగా తనంతట తానే ఒక వాకర్‌కి మెడ అప్పగిస్తుంది. ఆమె కూతురు సోఫియా బతుకుతుంది, చాలా దూరం వస్తుంది. టీవీలో తిరగేశారు. రెండో సీజన్ మొదట్లో సోఫియా తప్పిపోతుంది. ఆరు ఎపిసోడ్లపాటు అడవంతా వెతుకుతారు. ఏడో ఎపిసోడ్‌లో హెర్షల్ అనే రైతు పొలంలోని పశువుల కొట్టం తలుపులు తెరిచి లోపలున్న వాకర్లని వరసగా కాల్చేస్తుంటే, అందరికంటే చివర చిన్న అడుగులు వేసుకుంటూ ఒక పిల్ల బయటికొస్తుంది. ఆ పిల్ల పోయాకే కరోల్ తయారైంది. భర్త చేతిలో దెబ్బలు తిన్న ఆడమనిషి పదకొండో సీజన్ నాటికి మొత్తం కథలో అందరికంటే ప్రమాదకరమైన మనిషి అవుతుంది. కామిక్ చదివి సిరీస్‌కి వచ్చినవాళ్లు ఆమెని గుర్తుపట్టలేరు.

ఆండ్రియా విషయంలో లాభం కామిక్‌ది. అక్కడ ఆమె బృందంలో గురి తప్పని తుపాకి, రిక్‌కి కుడిభుజం, ఎన్నో ఏళ్లు కథని మోస్తుంది. టీవీలో మూడో సీజన్ చివరికే పోతుంది, అదీ అంతకుముందు ఒక సీజన్ మొత్తం ప్రేక్షకుల చేత తిట్లు తినిపించాక. డారిల్ డిక్సన్ మాత్రం కామిక్‌లో లేనే లేడు. అతనూ, అన్న మెర్లూ టీవీ కోసం పుట్టినవాళ్లు. విల్లు పట్టుకుని మోటార్ సైకిలెక్కిన ఆ మనిషి కోసమే మీరు ఇటు వస్తుంటే ఇక ఆలోచించక్కర్లేదు, సిరీసే.

ఈ మార్పుల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. కామిక్‌లో బెన్, బిల్లీ అని కవల పిల్లలు. చచ్చినా మళ్లీ లేస్తారన్న మాటని బుర్రలో ఎలా పెట్టుకున్నాడో గానీ, బెన్ తమ్ముణ్ణి చంపేస్తాడు. వీణ్ణేం చెయ్యాలని పెద్దవాళ్లు తర్జనభర్జన పడుతుంటారు. పసివాడు, పిచ్చి పట్టింది, రేపు ఇంకొకర్ని చంపితే? ఎవరికీ చెయ్యి రాదు. రాత్రి కార్ల్ లేచి వెళ్లి ఆ పిల్లవాణ్ణి కాల్చేస్తాడు. పెద్దలు చెయ్యలేని పని ఒక పిల్లాడు చేస్తాడు. చదివాక పుస్తకం పక్కన పెట్టి కాసేపు గోడ చూస్తూ కూర్చున్నాను.

టీవీలో ఇది నాలుగో సీజన్ పద్నాలుగో ఎపిసోడ్, "ది గ్రోవ్". అక్కడ లిజీ, మికా అని ఇద్దరు అక్కాచెల్లెళ్లు. చంపేది అక్క. ఆ తర్వాత నిర్ణయం కరోల్ మీద పడుతుంది. అప్పటికే కూతుర్ని పోగొట్టుకున్న తల్లి, ఈ ఇద్దరు పిల్లలకీ తల్లిలా ఉన్న మనిషి. లిజీని బయటికి తీసుకెళ్లి పూలవైపు చూడమంటుంది. అదే సంఘటన, కానీ బాధ పూర్తిగా వేరు. కామిక్‌లో మనం భయపడేది కార్ల్ ఏమైపోతున్నాడో అని. టీవీలో కరోల్‌కి ఇంకా ఎన్ని పరీక్షలు అని. ఏది మేలంటే చెప్పలేను. ఈ ఒక్కటి మాత్రం రెండూ చూడండి.

లోరి పోయిన రెండు తీర్లు

కామిక్ 48వ సంచిక. గవర్నర్ ట్యాంకుతో జైలు మీద పడతాడు. రిక్, కార్ల్ ముందు పరిగెడుతుంటే వెనక లోరి పసిపాప జూడిత్‌ని గుండెకి హత్తుకుని వస్తూ ఉంటుంది. వెనక నుంచి తూటా. ఆమె పాప మీదే పడిపోతుంది. ఆడ్లార్డ్ దాన్ని ఏ దాపరికం లేకుండా వేశాడు. పేజీ తిప్పగానే ఎదురుగా అదే ఉంటుంది, కళ్లు పక్కకి తిప్పుకునే టైం కూడా ఇవ్వడు. రిక్ కొడుకుని లాక్కుని ముందుకే పోతాడు. నెలనెలా సీరియల్‌లా చదివినవాళ్లు ఆ తర్వాతి సంచిక వచ్చేదాకా ఎలా ఆగారో.

టీవీలో లోరి మూడో సీజన్ నాలుగో ఎపిసోడ్‌లో కాన్పులో పోతుంది. పాప బతుకుతుంది. మనకి గుర్తుండిపోయేది అసలు చావు కాదు, ఆ తర్వాత జైలు పెరట్లో జరిగేది. హెర్షల్ కూతురు మాగీ రక్తం చేతులతో పసిగుడ్డుని పట్టుకుని నడిచొస్తుంది. వెనక కార్ల్. రిక్ ఇద్దరి మొహాలూ చూసి, లోరి ఎక్కడ అని అడుగుతూనే జవాబు అర్థమైపోయి కుప్పకూలిపోతాడు. ఆండ్రూ లింకన్ ఆ రెండు నిమిషాల్లో చేసింది ఏ కలమూ, ఏ కుంచే చెయ్యలేదు.

ఎవరికి ఏది అన్నది ఇక్కడే తేలిపోతుందని నా నమ్మకం. కామిక్ దెబ్బ కొట్టి ముందుకి పోతుంది. సిరీస్ దెబ్బ తిన్నవాడి మొహం చూపిస్తూ ఆగుతుంది. ఆగినప్పుడు బాగుంటుంది, అతిగా ఆగితే డైలీ సీరియల్ అవుతుంది.

నీగన్ దగ్గర తేలిన లెక్క

అతిగా ఆగడం అంటే ఏమిటో రిక్ బృందంలో మొదట్నుంచీ ఉన్న గ్లెన్ చావు చెబుతుంది. 2012 జూలైలో వచ్చిన వందో సంచికలో నీగన్ అనే విలన్ మొదటిసారి కనిపిస్తాడు. ముళ్లతీగ చుట్టిన బేస్‌బాల్ బ్యాటు, అందర్నీ వరసగా మోకాళ్ల మీద కూర్చోబెట్టి ఎవణ్ణి కొట్టాలో పిల్లల పాటతో తేల్చడం, గ్లెన్ మీద ఆగడం, కొట్టడం. అంతా ఆ ఒక్క సంచికలోనే అయిపోతుంది. చదివేవాడికి ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు.

టీవీ వాళ్లు దీన్ని ముక్కలు చేశారు. ముందు ఆరో సీజన్‌లో గ్లెన్ చెత్త డబ్బా పక్కన వాకర్ల మధ్య పడిపోయినట్టు చూపించి, పోయాడో లేదో చెప్పకుండా వారాల తరబడి నడిపి, తీరా బతికే ఉన్నాడన్నారు. తర్వాత 2016 ఏప్రిల్‌లో, సీజన్ చివర, బ్యాటు ఎవరి మీద పడిందో చూపించకుండా ఆపేశారు. జవాబు అక్టోబరులో. ఆరు నెలలు. వచ్చాక ఒకరు కాదు ఇద్దరు పోయారు, ముందు బృందంలోనే ఉన్న ఏబ్రహాం, తర్వాత గ్లెన్. ఆ ఏడో సీజన్ మొదటి ఎపిసోడ్‌ని అమెరికాలో సుమారు కోటీ డెబ్బై లక్షల మంది చూశారు. ఆ అంకె ఆ తర్వాత మళ్లీ రాలేదు. నేను విసుగొచ్చి ఆపేసింది ఆ సీజన్‌లోనే. కథలో క్రూరత్వం ఎక్కువైందని కాదు, అది కామిక్‌లోనూ ఉంది. మనిషి చావుతో దాగుడుమూతలు ఆడారని.

నీగన్ మాటకారి. కామిక్‌లో నోరు తెరిస్తే బూతు, ఒక వాక్యంలో నాలుగు. ఛానల్‌లో అది కుదరక పలచన చేశారు. జెఫ్రీ డీన్ మోర్గన్ దాన్ని నవ్వుతోనూ, వెనక్కి వంగే ఆ ఒళ్లు విరుపుతోనూ పూడ్చుకున్నాడు. తర్వాతి సీజన్లలో ఆ పాత్రని చూడాలనిపించడానికి ఆయనే కారణం.

రిక్ లేని ఇల్లు

టీవీ ఎనిమిదో సీజన్‌లో కార్ల్‌ని చంపేసింది. కామిక్‌లో ఆ తర్వాత సగం కథ కార్ల్‌దే. గుసగుసల ముఠా నాయకురాలు ఆల్ఫా కూతురు లిడియాతో అతని స్నేహం, దానివల్ల ముదిరే గొడవ, అన్నీ. తొమ్మిదో సీజన్ ఐదో ఎపిసోడ్‌లో రిక్ కూడా వెళ్లిపోయాడు. దాంతో ఇద్దరి కథనీ మిగిలినవాళ్లకి పంచిపెట్టారు. కార్ల్ వాటా హెన్రీ అనే కుర్రాడికి వెళ్లింది, రిక్ వాటా డారిల్, కరోల్, రిక్‌తో జతకట్టిన మిషోన్ పంచుకున్నారు. అన్నిటికంటే కష్టమైన పని ఆంజెలా కాంగ్ నెత్తిన పడింది. ఆశ్చర్యంగా ఆమె చేతిలో సిరీస్ కాస్త లేచింది. చచ్చినవాళ్ల మొహాల తోలు తొడుక్కుని వాకర్ల మందలో తిరిగే ఆల్ఫా ముఠా తెర మీద కామిక్ కంటే ఎక్కువ వణికిస్తుంది. గుసగుస అనేది చెవికి వినపడాల్సిన విషయం కదా.

అయితే ముగింపు? కామిక్ ఎవరికీ చెప్పకుండా ముగిసింది. ఇంకా సంచికలు రాబోతున్నట్టు ముఖచిత్రాలతో సహా ప్రకటించి, 193తో ఆపేశారు. మామూలు కంటే చాలా పెద్ద సంచిక అది. మొదటి పేజీ నుంచి ఈ కథ ఎక్కడికి పోతోందో రాసినవాడికి తెలుసు అనిపించే ముగింపు. సిరీస్ చివరి ఎపిసోడ్ అలా కాదు. మాగీ, నీగన్‌లకి ఒక సిరీస్, డారిల్‌కి ఒకటి, రిక్, మిషోన్‌లకి ఇంకొకటి తలుపు బయట ఎదురుచూస్తుంటే అది ముగింపెలా అవుతుంది? పెళ్లి భోజనాల్లో ఒక బంతి లేవకముందే వెనక ఇంకో బంతికి నిలబడినట్టు ఉంటుంది.

చేతిలోకి తీసుకునే ముందు

భాష సంగతి ఎవరూ చెప్పరు గానీ మనకి ముఖ్యం. కామిక్ ఇంగ్లీషు తేలిక. బుడగల్లో చిన్న చిన్న వాక్యాలు, మామూలు మాటలు. ఇంటర్ చదివే పిల్లలు కూడా చదువుకోవచ్చు, భాషవరకు మాత్రమే, విషయం వరకు కాదు. సిరీస్‌లో చాలామందిది అమెరికా దక్షిణాది యాస, డారిల్ అయితే పళ్ల మధ్య నములుతాడు. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, మొహమాటం వద్దు. తమాషా ఏమిటంటే రిక్, గవర్నర్, మోర్గన్ వేషాలు వేసిన ముగ్గురూ ఇంగ్లండ్ నటులే.

కామిక్‌లో మొదట ఇబ్బంది పెట్టేది మొహాలు. మూర్ గీత వివరంగా, కొంచెం కార్టూన్‌లా ఉంటుంది, ఎవరెవరో ఇట్టే తెలుస్తుంది. ఏడో సంచికలో ఆడ్లార్డ్ రాగానే నీడలు చిక్కబడతాయి, గడ్డాలు పెరిగిన మగవాళ్లంతా ఒకేలా కనిపిస్తారు. నాకు పది సంచికలు పట్టింది అలవాటు పడటానికి. పడ్డాక ఇక వేరే చెయ్యి ఊహించుకోలేం. మాటలు కూడా ఎక్కువే, కొన్ని పేజీల్లో బుడగలు బొమ్మని మింగేస్తాయి. చందమామ బొమ్మలు చూస్తూ పెరిగినవాళ్లకి ఈ నలుపు తెలుపు మొదట బోసిగా అనిపిస్తే రంగుల ప్రతి కూడా ఉంది. 2020 నుంచి డీలక్స్ పేరుతో సంచికలవారీగా వస్తోంది, డేవ్ మకేగ్ రంగులు, వెనక కర్క్‌మన్ పాత నోట్సు. నా ఓటు మాత్రం నలుపు తెలుపుకే. రక్తం నల్లగా ఉంటేనే ఆ పేజీల వంక చూడగలం.

ఒక హెచ్చరిక. గవర్నర్, మిషోన్ల మధ్య కామిక్‌లో నడిచేది అత్యాచారం, చిత్రహింస, దానికి ప్రతీకారం. 28 నుంచి 33 సంచికల వరకు చాలా పచ్చిగా ఉంటుంది. టీవీ ఇక్కడ బాగా తగ్గించింది. గవర్నర్ రిక్ కుడిచెయ్యి నరికేదీ కామిక్‌లో ఇక్కడే, 28లో. టీవీలో ఆ చెయ్యి సిరీస్ ముగిసేదాకా పదిలం. ఇలాంటివి చదవలేమనుకుంటే సిరీసే మంచిది, సిగ్గుపడాల్సిందేం లేదు.

కొనేటప్పుడు నాలుగు లావు సంకలనాలు ఉంటాయి, కాంపెండియం అంటారు. మొదటి మూడింట్లో 48 సంచికల చొప్పున, నాలుగోదాంట్లో 49. ఒక్కోటి వెయ్యి పేజీల పైమాటే. పడుకుని చదువుదామనుకుంటే గుండెల మీద సన్నికల్లు పెట్టుకున్నట్టే, బల్ల మీద పెట్టుకుని చదవండి. లేదా ఆరేసి సంచికల చిన్న పుస్తకాలు 32 ఉన్నాయి (చివరిదాంట్లో ఏడు), అన్నీ కలిపితే ఖర్చు ఎక్కువ. ట్యాబ్‌లో డిజిటల్ ప్రతి హాయి. ఫోన్‌లో మాత్రం వద్దు, పేజీ మొత్తం ఒకేసారి కంటికి ఆనకపోతే పేజీ తిప్పే దెబ్బ పోతుంది.

రెండూ కలిపి పట్టుకుందామనుకునేవాళ్లకి ఒక మంచి అతుకు దొరుకుతుంది. మొదటి కాంపెండియం జైలు కూలడంతో ముగుస్తుంది. సిరీస్‌లో జైలు కూలేది నాలుగో సీజన్ ఎనిమిదో ఎపిసోడ్‌లో. అంటే 43 ఎపిసోడ్లు చూసి, ఆపి, రెండో కాంపెండియం తెరవచ్చు. సోఫియా, ఆండ్రియా బతికే ఉంటారు, కరోల్, డారిల్ ఉండరు, జూడిత్ ఉండదు, రిక్‌కి ఒక చెయ్యి ఉండదు. ఈ నాలుగు ముక్కలు ఒక కాగితం మీద రాసుకుంటే చాలు, కథ అందుకుంటారు. తొమ్మిదో ఎపిసోడ్ కూడా చూసి ఆపితే ఇంకా బాగు. స్పృహలేని తండ్రిని పక్కనబెట్టుకుని కార్ల్ ఒంటరిగా గడిపే ఆ కథ రెండింట్లోనూ దాదాపు ఒకటే. టీవీలో పిల్లాడు కప్పు ఎక్కి పెద్ద డబ్బా చాక్లెట్ పుడ్డింగ్ ఒక్కడే తింటాడు, అది అదనం.

నాకు ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టే అవకాశం వస్తే మొదటి ఐదు సీజన్లు చూసి, ఆపేసి, కామిక్ మొదటి నుంచి చివరిదాకా చదివి, ఆ తర్వాత ఓపికుంటే తొమ్మిది, పది సీజన్లు చూస్తాను. ఏడు, ఎనిమిది దాటేస్తాను. ఒక్కటే అంటే కామిక్. ఇంట్లో నలుగురితో కూర్చుని చూడటానికైతే రెండూ వద్దు.

మావాడు పది రోజుల్లో మొదటి కాంపెండియం ఒక్కటే ముగించాడు, మిగతా సెలవులన్నీ క్రికెట్‌కి పోయాయట. "ఇప్పుడు సిరీస్ చూస్తే కథంతా తెలిసిపోయి బోర్ కొడుతుందేమో అన్నా" అన్నాడు. నేనేం చెప్పలేదు, రెండో సీజన్ దాకా చూడు అన్నానంతే. వారం తర్వాత రాత్రి పదకొండున్నరకి మెసేజ్ వచ్చింది: "అన్నా, పుస్తకంలో సోఫియా బానే ఉంది కదా!!"